ముహూర్తం మింగిన సన్నాయి

నా పెళ్ళిలో జీలకర్ర బెల్లం ముహూర్తం దాటిపోయాక పెట్టించారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆ దాటిపోయిన కాసేపట్లో నేను విన్న తోడి రాగం ముందు దివ్యమైన ముహూర్తాలు ఎన్ని పోగేసినా దిగదుడుపే. అయితే అది నా లెక్క. ఊరి లెక్క వేరు. మా కోనసీమలో మర్యాదకి ఎంత పేరో వెటకారానికీ అంత పేరు. పెళ్ళయి వారం తిరక్కుండానే ఆ సన్నాయి వాయించినాయనకి ‘ముహూర్తం మింగినాయన’ అని పేరు పెట్టేశారు.

ఆయన్ని నా పెళ్ళికి తెచ్చింది నాన్నగారు. మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. కొబ్బరితోట, దాన్ని ఆనుకుని కాస్త వరిచేను. నాన్నగారికి సంగీతమంటే చెవి కోసుకునేంత ఇష్టం. పాడటం మాత్రం సున్నా. ఎప్పుడైనా పొరపాటున కూనిరాగం తీస్తే, గేదె పాలు చేపడం ఆపేసింది, కాసేపు ఊరుకోమని మా అమ్మ బతిమాలేది. వినడంలో మాత్రం ఆయన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. రేడియోలో కచేరీ వస్తుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. దింపువాళ్ళు చెట్ల మీంచి కాయలు పడేస్తుంటే, రేడియో చంకన పెట్టుకుని తోట అవతలి చివరికి పోయి కూర్చునేవారు. కాయలు ఎన్ని దిగాయో, ఎన్ని పక్క తోటలోకి దొర్లాయో మా అమ్మే చూసుకునేది.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన సైకిలు వెనకసీటు నాది. శ్రీరామనవమి పందిళ్ళు లేచాయంటే మాకు ఇల్లు పట్టేది కాదు. అమలాపురంలో వీణ విన్నాను. మా కోనసీమ గన్నవరంలో ఫిడేలు విన్నాను. ఒకచోట క్లారినెట్టు విని, ఇది ఇంగ్లీషువాడి గొట్టం కదా, మన రాగం ఎలా పలుకుతోందని ఆశ్చర్యపోయాను. నాన్నగారు అన్నీ వినేవారు గానీ, మనసు మాత్రం సన్నాయి దగ్గరే ఉండేది. వీణ గది నిండా పలుకుతుంది, ఫిడేలు పందిరి నిండా పలుకుతుంది, సన్నాయి ఊరి నిండా పలుకుతుంది అనేవారు. పిలుపు అందనివాడు కూడా వినగలిగే సంగీతం అదొక్కటేనట. బూర ఊదే చప్పుడని మా పెదనాన్నగారు ఎగతాళి చేస్తే, ఆయనతో రెండు నెలలు మాట మానేశారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ సన్నాయి మేస్టారిని మేము మొదట విన్నది కొత్తపేట అవతల, ఒక గుడిలో స్వామి కల్యాణానికి. సన్నగా, పొడుగ్గా, చామనచాయగా ఉన్నారు. తమ్ముడు డోలు. ఇంకొకాయన శ్రుతి పెట్టె పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆయన వాయిస్తుంటే నాన్నగారు నా చెవి దగ్గర నోరు పెట్టి, బుగ్గలు చూడమన్నారు. చూశాను. అందరు సన్నాయివాళ్ళకీ ఊదేటప్పుడు బుగ్గలు పూరీల్లా పొంగుతాయి. ఈయనవి పొంగడం లేదు. ఊపిరంతా పొట్టలోంచి వస్తోంది. ముఖం మామూలుగా, ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టుగా ఉంది. సన్నాయి మాత్రం గుడి గోపురం మీద పావురాల్ని లేపుతోంది. పిల్లనైనా నాకు అర్థమైంది, ఇది మామూలు మనిషి చేసే పని కాదని.

ఆయన ఉండేది కొత్తపేటలో. తర్వాత మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. అటువైపు మేళానికి వస్తే మా అరుగు మీద కాసేపు కూర్చుని మజ్జిగ తాగకుండా వెళ్ళేవారు కాదు. నాన్నగారు ఆయన్ని ‘మేస్టారూ’ అనేవారు. ఆ పిలుపుకి ఆయన ప్రతిసారీ కొంచెం ఇబ్బంది పడేవారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తెల్లవారగట్ల కాలవలో గుండెల్లోతు నీళ్ళలో నిలబెట్టి ఊదించేవాడట. నీళ్ళు గుండెల్ని నొక్కుతుంటే ఊపిరి పట్టడం వస్తుందని. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే స్వరం ఎక్కడ పలుకుతుందండీ అని నవ్వేవారు. ఒకసారి నేను ముచ్చటపడుతున్నానని సన్నాయి నా చేతికిచ్చారు. అంత బరువుంటుందని అనుకోలేదు. ఊదే కొసన ఉండే పీక నోట్లో పెట్టుకుని నా బలమంతా పెట్టి ఊదితే, ఎండిన కొబ్బరాకు గాలికి రాసుకున్నట్టు చప్పుడొచ్చింది. ఆయన నవ్వలేదు. బాగానే ఉందమ్మా, నాకు మొదటి ఏడాదంతా ఇదే చప్పుడు అన్నారు.

నా పెళ్ళి డెబ్బైల మధ్యలో. వరుడిది రాజోలు దగ్గర ఊరు. సంబంధం కుదిరిన రోజునే నాన్నగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఊరేగింపుకి మీకు నచ్చిన బ్యాండు తెచ్చుకోండి, పందిట్లో మాత్రం మా మేస్టారి సన్నాయే అన్నారు. వాళ్ళకేం పోయింది, సరేనన్నారు. ముహూర్తం కూడా, మాకు అలవాటైన అర్ధరాత్రి ముహూర్తం కాకుండా, చక్కగా పొద్దున్నే పడింది. నిద్రకళ్ళతో కాకుండా అందరూ హాయిగా వింటారని నాన్నగారు మురిసిపోయారు. ఆయన పిల్ల పెళ్ళి చేస్తున్నారో కచేరీ పెట్టించుకుంటున్నారో తెలియడం లేదని మా అమ్మ అందరి దగ్గరా వాపోయింది.

ఇక్కడ పద్ధతి చెప్పాలి. మా పెళ్ళిళ్ళలో అసలు ముహూర్తం జీలకర్ర బెల్లానిదే. వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో నూరిన జీలకర్ర బెల్లం ఉంటుంది. సరిగ్గా ఆ ఘడియ రాగానే పురోహితుడు చెయ్యెత్తుతాడు. సన్నాయి, డోలు ఒక్కసారి గట్టిమేళం అందుకుంటాయి. ఆ హోరులో ఒకరి నెత్తి మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాలి. అప్పటిదాకా ఖాళీ లేకుండా ఏదో ఒకటి వాయిస్తూ ఉండటం సన్నాయి ఆయన పని. చెయ్యి లేవందే ఆపకూడదు.

మా పురోహితుడు గారికి చూపు కాస్త మందం. అందుకని ఘడియ చూసి భుజం తట్టమని నాన్నగారికి అప్పగించారు. నాన్నగారు రిస్టువాచీ విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. అంటే నాన్నగారు తట్టాలి, పంతులుగారు చెయ్యెత్తాలి, మేస్టారు గట్టిమేళం వాయించాలి. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మా పంతులుగారికీ సంగీతం పిచ్చే. నాన్నగారూ ఆయనా పందిళ్ళలో పక్కపక్కన కూర్చుని తలలూపుకునే జోడీ. పాలకి పిల్లిని కాపలా పెట్టడమంటే ఇదే.

మా మేనమామ నన్ను బుట్టలో తెచ్చి తెర వెనక కూర్చోబెట్టాడు. తల వంచుకుని ఉన్నాను. తెర కింద నుంచి పెళ్ళికొడుకు కాలివేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఆ కాస్తనీ నింపడానికి మేస్టారు తోడి ఎత్తుకున్నారు.

మొదట కింది స్వరాల దగ్గరే ఉండిపోయారు. తొందరేం లేదన్నట్టు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊగడం బాగా ఊదేవాళ్ళ దగ్గర ఏడుపూ కాదు, నవ్వూ కాదు, రెండూ తెలిసిన మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. ఆయన ఆ గాంధారాన్ని పట్టుకుని ఎంతసేపు తిప్పారో. అక్కడి నుంచి మెల్లగా పైకి. ఒక్కో మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి చూసుకుని, మళ్ళీ ఎక్కి. డోలు తమ్ముడు చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాడట, తర్వాత విన్నాను. గాడిపొయ్యిల దగ్గర వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి పందిరి గుంజల దగ్గర నిలబడిపోయారట. తెర పట్టుకున్న ఇద్దరూ కూడా వింటూ వింటూ తెరని వదిలేసినంత పని చేశారు. అది ఒక పక్కకి తొలగి నాకు పెళ్ళికొడుకు మోకాళ్ళ దాకా కనిపించింది.

నా అరచేతిలో బెల్లం కరగడం మొదలుపెట్టింది. మణికట్టు దాటి గాజుల కిందకి జారుతోంది. ఇంత కరిగిందంటే వేళ దాటుతున్నట్టే కదా అని నాకు తట్టింది. తట్టి కూడా తలెత్తలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు పెళ్ళి గుర్తులేదు. అది పైకి వెళుతోంది, నేనూ దాంతో వెళుతున్నాను. ఇంక పైన ఒక్క మెట్టే ఉంది. ఆయన దాన్ని అందుకున్నారు. పై షడ్జం మీద ఊపిరి నిలబెట్టేశారు. పందిరంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఒక కాకి అరిస్తే, ఎవరో దాన్ని ‘ష్’ అన్నారు.

‘‘ముహూర్తం దాటిపోయిందండోయ్!’’

పెళ్ళికొడుకు మేనమామగారి కేక అది. షడ్జం తెగిన దారంలా పుటుక్కున ఆగిపోయింది. పంతులుగారు ఉలిక్కిపడి రెండు చేతులూ ఎత్తేశారు. గట్టిమేళం పడింది. నా చేతిలో మిగిలిన బెల్లం జిగురుకి నెత్తి దాకా వెళ్ళక పెళ్ళికొడుకు చెవి మీద పడింది.

లగ్నం ఇంకా నడుస్తూనే ఉందనీ, దోషం లేదనీ పంతులుగారు శ్లోకాల మీద శ్లోకాలు చదివారు. నాన్నగారు లేచి నిలబడి, వాచీ నా చేతిలో ఉంది, తప్పు నాదని గట్టిగానే చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళిలో పిల్ల తండ్రిని నలుగురిలో తప్పుపట్టడం మర్యాద కాదు. పురోహితుణ్ణి అంటే అపచారం. ఇంక మిగిలింది ఎవరు? అందరి కళ్ళూ సన్నాయి మీద పడ్డాయి. మేస్టారు పీక తుడుచుకుంటూ తల వంచుకుని నిలబడ్డారు. అప్పుడు మా అత్తగారు, పెళ్ళికొడుకు తల్లి, నెమ్మదిగా ఒక మాట అన్నారు.

‘‘ఆపడం తెలీనోళ్ళు వాయించకూడదండి.’’

అరిచి ఉంటే గాలికి పోయేది. నెమ్మదిగా అన్నారు కాబట్టి అందరికీ గుర్తుండిపోయింది.

కాపరానికి వెళ్ళాక ఆ ముహూర్తం నాతో పాటు సారెలో వచ్చినట్టే అయింది. ఎండబెట్టిన కొబ్బరి మీద వాన పడితే ముహూర్తం. మా ఆయన స్కూటరు గట్టు దిగి బోదె కాలవలో పడితే ముహూర్తం. చంటిపిల్లాడికి పాలు పడకపోయినా అదే. అత్తగారు నన్ను సాధించారని అనను. తిండికీ బట్టకీ ఏ లోటూ చెయ్యలేదు. ‘ఏం చేస్తాం, ఆ రోజు అలా అయింది కదా’ అని ఒక నిట్టూర్పు, అంతే. ఆ నిట్టూర్పుకి మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఆయన్ని అడిగితే, రాగం సంగతి నాకు తెలీదు, కాలు తిమ్మిరెక్కిన సంగతి మాత్రం తెలుసు అనేవారు. ఆయనతో ఏ గొడవా లేదు.

పెళ్ళయిన రెండో ఏడాదో మూడో ఏడాదో గన్నవరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. పందిట్లోకి అడుగుపెడుతుంటే సన్నాయి వినిపించింది. ఏదో సినిమా పాట. బాగానే ఉంది, పొట్టిగా ఉంది. అది అవగానే ఇంకొకటి, అదీ పొట్టిదే. మనిషిని చూసి నిలబడిపోయాను. మా మేస్టారే. సన్నాయి వాయిస్తున్నారు గానీ చూపంతా పురోహితుడి చేతి మీదే ఉంది. ఆయన ముక్కు గోక్కుందామని చెయ్యి లేపినా ఈయన ఉలిక్కిపడి డోలు వైపు చూస్తున్నారు. వేళ దగ్గరపడే సరికి అసలు వాయించడమే మానేసి, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లాడిలా సిద్ధంగా కూర్చున్నారు. ఆ పందిట్లో ఎవడో కుర్రాడు ‘ఏవండోయ్, ఈ ముహూర్తమైనా మిగులుస్తారా’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

భోజనాల వేళ ఆయన దగ్గరికి వెళ్ళి పలకరించాను. నాన్నగారు కులాసానా అని అడిగారు. మా చంటివాడు ఎలా ఉన్నాడని అడిగారు. నేనే తెగించి, ఇప్పుడంతా తీరిగ్గానే ఉన్నారు కదా, కాస్త తోడి వాయించమని అడిగాను.

‘‘ఒద్దమ్మా,’’ అన్నారు. ‘‘ఆ చెయ్యి ఎప్పుడు లేస్తాదోనని చూసుకుంటా రాగం తియ్యలేను. చూడకుండా తీద్దామంటే భయం. మేళాలు సగానికి పడిపోయేయి. ఉన్నయ్యి నిలబెట్టుకోవాలి గదా. రాగం లేకపోయినా పెళ్ళిళ్ళు అవుతున్నాయిలెండి.’’

ఆ ఆఖరి మాట నిష్ఠూరంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. నాన్నగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన అప్పటికే కొత్తపేట వెళ్ళి బతిమాలి వచ్చారట. తప్పు నాది మేస్టారూ, మీరు మానకండి అని. ఆయ్, అలాగేనండి అన్నారట గానీ వాయించలేదట. గుండెల్లోతు నీళ్ళలో నిలబడి సంపాదించిన విద్య, ఒక్క కేకకి మూలపడింది. కేక పెట్టినాయన కొబ్బరి బస్తాలు లెక్క చూసుకుంటూ హాయిగా ఉన్నాడు. నాకు మాత్రం లోకం మీద, ముహూర్తాల మీద, అన్నిటికన్నా ఎక్కువగా మా అత్తగారి మీద కోపం రగులుతూనే ఉంది. పైకి మాత్రం ‘అత్తయ్యగారండీ, కాఫీ ఇమ్మంటారా’ అనేదాన్ని. మా వైపు కోపం కూడా అండీతోనే ఉంటుంది.

ఎనభైలు వచ్చాయి. మా పిల్లాడు బడిలో పడ్డాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నేను వెనక వసారాలో బట్టలు మడతపెడుతున్నాను. అత్తగారు దేవుడి గది గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. చేసుకుంటూ చేసుకుంటూ లోలోపల ఏదో అంటున్నారు. స్తోత్రమనుకున్నాను. చెవి పెట్టి విన్నాను. చేతిలో చీర అలాగే ఉండిపోయింది. గాంధారం ఊగుతోంది. సన్నటి గొంతు, వయసుకి కొంచెం వణుకుతోంది, కానీ ఊగాల్సిన చోటే ఊగుతోంది. తోడి. తోడి ఒక్కటే అయితే పోనీలే అనుకుందును. నా పెళ్ళి పందిట్లో మేస్టారు ఎక్కిన మెట్లే అవి. ఎక్కడ ఆగారో అక్కడే ఆగి, ఎక్కడ వెనక్కి చూశారో అక్కడే వెనక్కి చూస్తున్నారు.

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆపేశారు. ఏమీ లేదమ్మా, గొంతు గరగరలాడుతుంటే సవరించుకుంటున్నాను అన్నారు. గొంతు తోడిలో సవరించుకుంటారా అత్తయ్యగారూ అన్నాను. నాకు నోరు కొంచెం ఎక్కువే. ఆవిడ వత్తులన్నీ ఒక పక్కకి నెట్టేశారు. తర్వాత చెప్పారు, అదే మొదటిసారి నాకు ఆవిడ గురించి తెలియడం.

పుట్టింట్లో వాళ్ళ తాతగారు ఫిడేలు వాయించేవారట. చిన్నప్పుడు నాలుగు వర్ణాల దాకా నేర్చుకున్నారట. పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక సంగీతం మాట ఎత్తేవాళ్ళే లేరు. రేడియో కొన్నా అందులో కొబ్బరి ధరలూ, వాతావరణమూ తప్ప ఇంకేమీ పెట్టేవారు కాదు. అలా ముప్ఫై ఏళ్ళ పైన గడిచాక, కొడుకు పెళ్ళిలో ముందు వరసలో కూర్చుని ఉండగా, ఆ సన్నాయి మొదలైందట.

‘‘వేళ అయిపోయిందని నాకు తెలుసమ్మా,’’ అన్నారు. ‘‘అన్నయ్య వాచీ చూసి, టైమైంది చెల్లీ అని నాతో చెప్పేడు. నేనే ఆడి చెయ్యి పట్టుకుని, ఉండన్నయ్యా, పైకి ఎక్కి దిగనియ్యి అన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి ఆడు ఆగలేక కేకేసేడు.’’

‘‘మరి ఆ మాట ఆయన్నెందుకు అన్నారండీ?’’ అన్నాను.

‘‘ఆ కేకతో నాకు వణుకొచ్చింది. కన్నకొడుకు ముహూర్తం నేనే దాటించేనా అని. ఏదైనా జరిగితే నా మూలాన్నే గదా. ఆ భయంలో ఎవరి మీదకి తోసెయ్యాలో తెలీక, ఎదురుగా ఆయన కనపడితే, ఆ మాట అనేసేను. ఆ తర్వాత ఇంట్లో పిల్లి తుమ్మినా నా గుండె గుబేలుమనేది.’’

ఇన్నేళ్ళూ ఆవిడ నిట్టూర్పులు నా మీద అనుకున్నాను. అవి ఆవిడ మీద ఆవిడే విడుచుకున్నవి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాను గానీ, అత్తగారే తన మీద కోపం సన్నాయి మీద చూపించడం ఇదే వినడం. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కోపం మాత్రం ఎటో పోయింది. ఆవిడ పక్కన కూర్చుని, గన్నవరం పెళ్ళిలో చూసిందంతా చెప్పాను. పొట్టి పాటలు, ఒళ్ళో సన్నాయి, ఆ కుర్రాడి మాట, ఈయన నవ్వు. రాగం లేకపోయినా పెళ్ళిళ్ళు అవుతున్నాయన్న మాట చెప్పేసరికి ఆవిడ చేత్తో ఆపమన్నట్టు సైగ చేశారు. లేచి లోపలికి వెళ్ళిపోయారు. చాలా రోజులు మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, ఏ శుభకార్యమూ ఉండదు. మేళంవాళ్ళు సన్నాయిలకి గుడ్డ చుట్టి పెట్టేసుకుని పొలం పనులకి పోతారు. ఆ ఆషాఢంలో, ఉన్నట్టుండి ఒక పొద్దున్న అత్తగారు మా ఆయన్ని పిలిచి, కొత్తపేట వెళ్ళి ఆ సన్నాయి ఆయన్ని, వాళ్ళ తమ్ముణ్ణి పిలుచుకురమ్మన్నారు. ఆషాఢంలో మేళమేమిటే అమ్మా, ఊళ్ళోవాళ్ళు నవ్వుతారని మా ఆయన అన్నారు. నవ్వనీరా అన్నారావిడ. అటునుంచి అంబాజీపేట వెళ్ళి మావయ్యగారిని కూడా తీసుకురా అని నాన్నగారికీ కబురు పెట్టించారు. ఇరుగుపొరుగు ఇళ్ళకి తనే స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. ఏం కార్యమండీ అని అడిగినవాళ్ళకి, వస్తే తెలుస్తుంది కదండీ అని చెప్పారు. తెలుసుకోవాలన్న దురదకే ఊరు సగం వచ్చింది.

సాయంత్రం వాన వెలిసింది. ముందు వసారాలో చాపలు పరిచాం. మేస్టారు గన్నవరం అక్విడెక్టు వంతెన దాటి బస్సు దిగి, తడిసిన తువ్వాలు పిండుకుంటూ వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. నన్ను చూసి నవ్వారు గానీ అత్తగారిని చూడగానే తల వంచుకున్నారు. ఆ మాట ఆయన మరిచిపోలేదని నాకు అర్థమైంది. చాప మీద ఒక అంచున కూర్చున్నారు. కూర్చుని, ముందు అడగవలసింది అడిగారు.

‘‘కార్యమేంటండీ? ఎన్నింటికండీ ముహూర్తం?’’

అత్తగారు వసారా మధ్యకి వచ్చి నిలబడ్డారు. పైట భుజం మీదుగా నిండా కప్పుకున్నారు. ఆవిడ నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

‘‘మా వాడి పెళ్ళిలో వేళయిందని మీకు తెలీదండి. నాకు తెలుసు. మా అన్నయ్య చెప్పేడు. ఆపొద్దన్నది నేనే. ఆపడం తెలీలేదని మిమ్మల్ని అన్నదీ నేనే. పేరు మీకొచ్చింది, అది నాకు రావాల్సింది.’’

మా వాళ్ళ సంగతి తెలుసు కదా, ఆ మర్నాటికే ‘ముహూర్తం మింగినావిడ’ అని ఆ పేరుని మా అత్తగారికి మార్చేశారు. ఆవిడ బతికినన్నాళ్ళూ ఎవరైనా ఆ పేరుతో ఆట పట్టిస్తే, ఆయ్, నేనేనండి అని ఒప్పుకునేవారు. కానీ ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. మేస్టారు వంచిన తల ఎత్తి ఆవిడ వంక చూశారు. నాన్నగారు గోడకి ఆనుకుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు నటిస్తున్నారు.

‘‘ఇది ఆషాఢం గదండీ,’’ అన్నారు అత్తగారు. ‘‘కార్యం లేదు, ముహూర్తమూ లేదు. చెయ్యెత్తేవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు ఎక్కడ ఆపించేమో, అక్కణ్ణించి వాయించండి.’’

మేస్టారు గుడ్డ విప్పి సన్నాయి తీశారు. పీక నోట్లో పెట్టుకుని తడుపుకున్నారు. తమ్ముడు డోలు దగ్గరికి లాక్కోబోతే వద్దన్నట్టు తల ఊపారు. తమ్ముడు డోలు పక్కన పెట్టి శ్రుతి పెట్టె అందుకున్నాడు. నేను తోడి మొదటినుంచీ ఎత్తుకుంటారనుకున్నాను. ఎవరైనా అంతే కదా, ఇన్నేళ్ళ కిందటి రాగం ఎక్కడ తెగిందో ఎవరికి గుర్తుంటుంది? కింది స్వరాల దగ్గర కాసేపు తిరిగి, గాంధారం పట్టుకుని, మెల్లగా ఎక్కుతారనుకున్నాను.

ఆయన కింద నుంచి ఎత్తుకోలేదు. సరాసరి ఆ పై షడ్జం మీదే నిలబడ్డారు.